కొండబిడ్డలకు అక్షరం నేర్పిన గిడుగు రామమూర్తి పంతులు

ఆగస్టు 29వ తేదీని తెలుగువారు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటారు. అది గిడుగు వెంకట రామమూర్తి పంతులు జన్మదినం. వ్యావహారిక భాషోద్యమ సారథిగా ఆయన పేరు తెలియని తెలుగువాడు అరుదు. అయితే ఆ ఉద్యమం పండితుల వాదోపవాదాల నుండి పుట్టింది కాదు. చురుకైన పిల్లవాడు పుస్తకం చేతికిచ్చేసరికి ఎందుకు తడబడతాడన్న ప్రశ్న ఒక బడిపంతులును ముప్పై ఏళ్లపాటు వెంటాడింది. ఆ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ ఆయన కొండలెక్కారు, కొత్త భాష నేర్చారు, ఆరోగ్యం పోగొట్టుకొన్నారు, చివరకు తెలుగు చదువు దారినే మార్చారు. ఇంటి భాష ఒకటి, బడి భాష మరొకటిగా బతుకుతున్న సరిహద్దు గ్రామాల కుటుంబాలకు ఆయన జీవితంలోని ఈ అధ్యాయం ప్రత్యేకంగా తెలుసుకోదగినది.

బాల్యం, విద్యాభ్యాసం

గిడుగు వారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళానికి ఉత్తరాన, వంశధార నది ఒడ్డున, శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజు రెవెన్యూ ఉద్యోగి. చోడవరానికి బదిలీ అయిన తండ్రి 1875లో విషజ్వరంతో మరణించగా, పన్నెండేళ్ల బాలుడు బంధువుల ఆశ్రయంలో చదువు కొనసాగించవలసివచ్చింది. విజయనగరంలో మహారాజా వారి పాఠశాలలో చేరారు. తరువాతి కాలంలో కన్యాశుల్కం నాటకకర్తగా ప్రసిద్ధికెక్కిన గురజాడ అప్పారావు అక్కడ ఆయనకు సహాధ్యాయి. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది.

1879లో మెట్రిక్యులేషన్ పూర్తి చేసి, మరుసటి ఏడాది 1880లో పర్లాకిమిడి రాజా వారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతంపై ఉపాధ్యాయునిగా చేరారు. కుటుంబ భారం మీదపడిన పరిస్థితిలో కళాశాలలో కూర్చొని చదివే అవకాశం లేదు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పరీక్షలు నెగ్గారు. చరిత్ర బోధిస్తున్న రోజులలోనే ముఖలింగం దేవాలయ శాసనాలను చదివి, తూర్పు గాంగ రాజుల రాజధానిని గురించి ప్రామాణిక వ్యాసాలు ప్రకటించారు. తనకు తెలియని లిపిని ఎవరూ నేర్పకుండా స్వయంగా కూడబలుక్కొని చదవడంలోని కష్టం ఆయనకు స్వానుభవమే.

సంతలో వినిపించిన భాష

పర్లాకిమిడి రెండు భాషల నడుమనున్న పట్టణం. ఒకవైపు తెలుగు, మరొకవైపు ఒడియా. పట్టణం వెనుకనున్న కొండలలో మూడవ భాష ఉన్నది. అక్కడ పోడు వ్యవసాయంతో జీవించే సవరలు సంతకు దిగివచ్చేవారు, కచేరీకి వచ్చేవారు. వారి మాట పట్టణంలో ఎవరికీ తెలియదు. పట్టణపు మాట వారికి తెలియదు. వచ్చిన అప్పు ఎంతో, వేలిముద్ర వేసిన కాగితంలో ఏమున్నదో వారు చదువుకోలేరు. చదువు చెప్పేందుకు వారి కొండలలో బడులు లేవు. ఎక్కడైనా బడి ఉన్నా, అక్కడ చెప్పేది వారికి అర్థం కాని భాష.

సవర పిల్లలు మందబుద్ధులని అనుకొనడం ఆనాటి పట్టణవాసులకు సులభమైన వివరణ. గిడుగు వారు ఆ వివరణను అంగీకరించలేదు. తన భాషలో గలగలా మాట్లాడే పిల్లవాడు, అడవిలో ప్రతి చెట్టునూ పేరుతో గుర్తించే పిల్లవాడు, బడిలో మూగవాడైపోతే లోపం పిల్లవానిది కాదు, బడిది అని ఆయన నిశ్చయించుకొన్నారు. పిల్లవానికి పాఠం చెప్పాలంటే ముందుగా గురువు పిల్లవాని భాష నేర్చుకోవాలి. ఆ పనిని ఆయన తన నుండే మొదలుపెట్టారు.

తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక వ్యక్తిని తన ఇంట్లోనే ఉంచుకొని మాట మాటా రాసుకొంటూ సవర నేర్చుకొన్నారు. ఆ భాషకు అప్పటికి లిపి లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. తెలుగుకు గానీ ఒడియాకు గానీ దానితో చుట్టరికం లేదు. అది ముండా కుటుంబానికి చెందినది. కొన్ని హల్లులు పలికేటప్పుడు గొంతు ఒక్క క్షణం మూసుకొని విడివడుతుంది. ఆ ధ్వనికి తెలుగు అక్షరాలలో గుర్తు లేదు. క్రియలోనే నామవాచకాన్ని ఇమిడ్చి ఒకే మాటగా పలికే పద్ధతి ఆ భాషలో ఉన్నది. లెక్క పెట్టే తీరు కూడా వేరు. పన్నెండు వరకు విడి పేర్లు ఉంటాయి. పదమూడును పన్నెండూ ఒకటి అంటారు. ఇరవై దగ్గర మళ్లీ కొత్త మెట్టు మొదలవుతుంది. ముప్పై మూడు చెప్పాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి కలిపి చెప్పాలి. ఇలా లెక్కించే బిడ్డ ముందు పదుల ఎక్కాన్ని వివరణ లేకుండా పెడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

సవర బడులు, సవర వాచకాలు

భాష కొంత పట్టుబడిన తరువాత గిడుగు వారు సవర గ్రామాలలో బడులు పెట్టించారు. ఉపాధ్యాయుల జీతాలు తన సంపాదన నుండి చెల్లించారు. ఆయన ధనవంతుడు కారు. పెద్ద కుటుంబాన్ని ఒక పాఠశాల అధ్యాపకుని జీతంతో పోషిస్తూ చేసిన పని అది. పాఠాలు సవర భాషలోనే సాగాయి. అందుకు కావలసిన వాచకాలను, కథలను, పాటలను ఆయనే సిద్ధం చేశారు. సవర పాటలను సేకరించారు. తెలుగు సవర నిఘంటువు తయారుచేశారు. 1910వ దశకంలో మద్రాసు ప్రభుత్వం ఈ పుస్తకాలను అచ్చు వేయించింది. ఈ కృషికి గుర్తింపుగా 1913లో ఆయనకు రావు బహదూర్ బిరుదు ఇచ్చింది. తన శ్రమకు ప్రభుత్వం ఇవ్వజూపిన పారితోషికాన్ని ఆయన తీసుకొనక, ఆ సొమ్మును సవరల బడికి వినియోగించమని కోరినట్లు ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి.

పిల్లవాడు తనకు తెలిసిన మాటను అక్షర రూపంలో చూచినప్పుడు, చదవడం అంటే ఏమిటో అతనికి ఒక్కసారిగా తెలుస్తుంది. తెలియని మాటను అక్షరం అక్షరంగా పలికించినప్పుడు అది చదువు కాదు, నోటి వ్యాయామం. మొదట ఇంటి భాషలో చదవడం పట్టుబడితే, ఆ నేర్పు రెండవ భాషకు, మూడవ భాషకు బదిలీ అవుతుంది. సవర బడుల వెనుకనున్న సూత్రం ఇదే.

ఈ పనికి ఆయన చెల్లించిన మూల్యం తక్కువ కాదు. మన్యపు గ్రామాలకు వెళ్లి రావడంలో మలేరియా సోకింది. చికిత్సకు వాడిన క్వినైన్ ప్రభావంతో వినికిడి శక్తి క్రమంగా క్షీణించింది. ధ్వనులను చెవితో పట్టుకొని రాయవలసిన పరిశోధకునికి చెవులే సహకరించని స్థితి ఏర్పడింది. అయినా ఆయన పని ఆపలేదు. కుమారుడు గిడుగు సీతాపతి ఈ కృషిలో తండ్రికి తోడుగా నిలిచి, తరువాతి కాలంలో స్వయంగా సవర భాషా పండితుడయ్యారు. సుమారు 35 ఏళ్ల శ్రమ ఫలితంగా ఆంగ్లంలో రాసిన సవర భాషా వ్యాకరణం 1931లోను, సవర ఆంగ్ల నిఘంటువు 1938లోను మద్రాసులో అచ్చయ్యాయి. ముండా భాషలపై పరిశోధించిన తరువాతి తరాల శాస్త్రజ్ఞులకు ఈ రెండు గ్రంథాలూ ఆధారమయ్యాయి. 1934లో ప్రభుత్వం ఆయనను కైజర్ ఇ హింద్ పతకంతో గౌరవించింది.

తెలుగు పిల్లవానికీ అదే కష్టం

సవర బిడ్డకు తెలుగు పుస్తకం పరాయిది కావడంలో ఆశ్చర్యం లేదు. కానీ తెలుగు బిడ్డకు కూడా తెలుగు పుస్తకం పరాయిదిగానే ఉన్నదని గిడుగు వారు గమనించారు. పిల్లవాడు ఇంట్లో వెళ్లాడు అంటాడు. పుస్తకంలో అరిగెను అని ఉంటుంది. ఇంట్లో వచ్చాడు అంటాడు. పుస్తకంలో ఏతెంచెను అని ఉంటుంది. నోట పలకని అరసున్నలను రాతలో పెట్టాలి. ఏ మాటలో సాధు రేఫ రాయాలో, ఏ మాటలో శకట రేఫ రాయాలో చెవి చెప్పదు, కంఠస్థం చేయవలసిందే. వాక్యం పొడవునా సంధులు కలిపి రాయడంతో మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు. పిల్లవాడు చదువుతున్నది తన భాషే అయినా, అనువాదం చేసుకొంటేనే అర్థమయ్యే దుస్థితి.

1907లో ఉత్తర జిల్లాల పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయునికి ఇదే సందేహం కలిగింది. తాను నేర్చుకొన్న పుస్తకాల తెలుగు, ప్రజల నోట వినిపించే తెలుగు ఎందుకు వేరుగా ఉన్నాయని ఆయన విచారించారు. విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆయనకు గిడుగు, గురజాడల పేర్లు సూచించారు. ఆ నలుగురి కలయికతో బోధనా భాషా సంస్కరణ ఉద్యమరూపం దాల్చింది. పిల్లలు మొదట వాడుక భాషలో చదవడం, రాయడం నేర్చుకోవాలనీ, ప్రాచీన కావ్య భాషను పై తరగతులలో ప్రాచీన భాషగానే నేర్చుకోవాలనీ వారి వాదన. కావ్యాలపై గిడుగు వారికి ద్వేషం లేదు. ఆయన స్వయంగా ప్రాచీన గ్రంథాలను లోతుగా చదివినవారు. గ్రాంథికమే శరణ్యమని వాదించిన పండితుల రచనలలోనే వందలాది వ్యాకరణ దోషాలను చూపగలిగినది ఆ పాండిత్యం వల్లనే. పెద్ద పండితులే తప్పులు లేకుండా రాయలేని భాషను పదేళ్ల పిల్లవాని మీద రుద్దడం అన్యాయమన్నది ఆయన వాదంలోని అసలు పదును.

పోరాటం

1911లో ముప్పై ఏళ్ల ఉద్యోగం ముగించుకొని గిడుగు వారు పూర్తికాలం ఈ పనికే అంకితమయ్యారు. అదే ఏడాది జయంతి రామయ్య పంతులు ప్రోత్సాహంతో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథిక పక్షానికి కేంద్రంగా నిలిచింది. సభలు, కరపత్రాలు, విన్నపాలతో మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు రెండు పక్షాలుగా చీలిపోయాయి. 1913లో గిడుగు వారు ఆధునిక తెలుగును సమర్థిస్తూ ఆంగ్లంలో విజ్ఞాపన పత్రం ప్రకటించారు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. అప్పటికి ఫలితం గ్రాంథిక పక్షానికే దక్కింది. మరుసటి ఏడాది 1915 నవంబరులో గురజాడ కన్నుమూశారు. గిడుగు వారు చాలావరకు ఒంటరయ్యారు.

అయినా ఆయన ఊరూరా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చారు. 1919లో రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. జీవితమంతా గ్రాంథికంలో రచనలు చేసిన కందుకూరి వీరేశలింగం దానికి అధ్యక్షత వహించడం ఆ కాలపు పెద్ద మలుపు. అయితే ఆ ఏడాది మే నెలలోనే కందుకూరి మరణించారు. తెలుగు అనే పేరుతో గిడుగు వారు నడిపిన మాసపత్రిక ఒక్క ఏడాది మాత్రమే నిలిచింది. 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వాడుక భాషపై తన నిషేధాన్ని ఎత్తివేసింది. 1925లో తణుకు సభలో ఆయన గ్రంథాల నుండి ఉదాహరణలు చూపుతూ నాలుగు గంటలపాటు ప్రసంగించారు. 1933లో ఆయన సప్తతి సందర్భంగా రాజమండ్రిలో ఘన సన్మానం జరిగింది. పాఠ్యపుస్తకాలలోను, విశ్వవిద్యాలయ పరీక్షలలోను వాడుక భాషకు సంపూర్ణ స్థానం దక్కడానికి ఆయన మరణానంతరం కూడా దశాబ్దాలు పట్టింది.

ఇతర దేశాలలో ఇదే అన్వేషణ

గిడుగు వారు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కారు. కానీ ఆయన కాలంలోనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు, వైద్యులు ఇదే ప్రశ్నను మరో దిక్కు నుండి తరచిచూస్తున్నారు. ఆయన బి.ఏ. నెగ్గిన 1896లోనే ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గన్ అనే వైద్యుడు, తెలివితేటలు చక్కగా ఉండి కూడా అక్షరాలు చదవలేకపోతున్న ఒక బాలుని గురించి వైద్య పత్రికలో రాశారు. తరువాతి కాలంలో డిస్‌లెక్సియా పేరుతో ప్రపంచమంతటా తెలిసిన స్థితి అదే. 1921లో అమెరికాలోని లాస్ ఏంజిలస్‌లో గ్రేస్ ఫెర్నాల్డ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు చదువు రాని పిల్లల కోసం విశ్వవిద్యాలయంలో ప్రత్యేక బోధనాలయం ప్రారంభించారు. అక్కడ పిల్లవాడు తనకు కావలసిన మాటను తానే ఎంచుకొంటాడు. పెద్ద అక్షరాలలో రాసిన ఆ మాటను పైకి పలుకుతూ వేలితో దిద్దుతాడు. పిమ్మట చూడకుండా రాస్తాడు. అలా నేర్చిన మాటలతో తన కథను తానే రాసుకొని, అచ్చు వేసిన ఆ కథను చదువుతాడు. మన వీధిబడులలో ఇసుకలో అక్షరాలు దిద్దించిన పద్ధతికి ఇది దగ్గరగా కనిపిస్తుంది. అయితే ఇక్కడ దిద్దేది విడి అక్షరాన్ని కాదు, పిల్లవాని సొంత మాటను.

ఫెర్నాల్డ్, గిడుగు ఇద్దరి మార్గాలు వేరు, విశ్వాసం ఒకటి. చదవలేని పిల్లవానిని సోమరి అనీ, మొద్దు అనీ నిందించే ముందు, అతనికి అడ్డుపడుతున్నదేమిటో కనిపెట్టాలి. అతని నోట ఉన్న మాట నుండే పాఠం మొదలుపెట్టాలి. 1953లో యునెస్కో విద్యలో మాతృభాషల వినియోగంపై ప్రకటించిన నివేదిక, పిల్లలకు తొలి చదువు ఇంటి భాషలో సాగడమే మేలని తేల్చింది. పర్లాకిమిడి పంతులు అర్ధ శతాబ్దం ముందే ఆ పని చేసి చూపారు.

పర్లాకిమిడిని విడిచిన రోజు

భాషల సరిహద్దులో జీవితమంతా గడిపిన గిడుగు వారిని చివరకు ఒక సరిహద్దు రేఖే ఇంటి నుండి కదిలించింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. పర్లాకిమిడి పట్టణం అందులో చేరింది. తెలుగువారు అధికంగా ఉన్న పట్టణాన్ని ఆ రాష్ట్రంలో చేర్చడాన్ని ఆయన గట్టిగా వ్యతిరేకించారు. పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి ఒరిస్సా పక్షాన నిలవడంతో, తాను దశాబ్దాలుగా కొలువు చేసిన సంస్థానంతో గిడుగు వారికి బంధం తెగిపోయింది. డెబ్బై రెండేళ్ల వయస్సులో, యాభై ఆరేళ్లు నివసించిన ఊరిని విడిచి రాజమండ్రి చేరుకొన్నారు.

అదే 1936లో సవరల నుండే మంగేయి గొమాంగో అనే వ్యక్తి తమ భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే ప్రత్యేక లిపిని రూపొందించారు. తమ మాటకు అక్షరం కావాలన్న ఆకాంక్ష ఆ సమాజంలో ఎంత లోతుగా ఉన్నదో దీనివల్ల తెలుస్తుంది.

గిడుగు వారు 1940 జనవరి 22న తుదిశ్వాస విడిచారు. మరణానికి కొద్ది రోజుల ముందు కూడా పత్రికా సంపాదకులను సమావేశపరచి, వాడుక భాషలో రాయవలసిందిగా విన్నవించారు.

ఆయన వేసిన బాట

స్వాతంత్ర్యానంతరం 1956లో రాజ్యాంగానికి చేర్చిన 350ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషా బోధనకు సదుపాయాలు కల్పించాలని రాష్ట్రాలకు నిర్దేశించింది. 2004 ప్రాంతంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన ప్రారంభించినప్పుడు వాటిలో సవర కూడా ఉన్నది. తెలుగు లిపిలో సవర వాచకాలు మళ్లీ బడులకు చేరాయి. ఆ తరువాత ఒడిశాలోనూ ఇటువంటి కార్యక్రమం మొదలైంది.

హరూరు, ధర్మపురి ప్రాంతాలలో తెలుగు మాట్లాడే ఇళ్ల పిల్లలకు ఈ చరిత్ర దూరపు కథ కాదు. 2006లో తమిళనాడు శాసనసభ చేసిన చట్టంతో ఒకటవ తరగతి నుండి క్రమంగా తమిళం తప్పనిసరి పాఠ్యభాష అయింది. తెలుగు పిల్లల చదువు ప్రశ్న న్యాయస్థానాల దాకా వెళ్లింది. ఆ వాదం ఎటు తేలినా, ఇంట్లో తెలుగు విని బడిలో తమిళం చదివే బిడ్డ పడే కష్టం మాత్రం వాస్తవం. తెలుగులో క, ఖ, గ, ఘ నాలుగు అక్షరాలైతే తమిళ లిపిలో ఆ నాలుగింటికీ ఒకే అక్షరం. ఆ అక్షరాన్ని ఏ చోట ఎలా పలకాలో తమిళ బిడ్డకు చెవి చెబుతుంది. తెలుగు బిడ్డ దానిని నేర్చుకోవాలి. ఆ తడబాటును మందబుద్ధిగా లెక్కగట్టడం పర్లాకిమిడి సంతలో సవరలను చూచి నవ్వినవారి పొరపాటునే తిరిగి చేయడమవుతుంది.

కారణాలను వేరుచేసి చూడడమూ అవసరమే. ఇంట్లో అమ్మ, అవ్వ చెప్పే కథను తెలుగులో చక్కగా తిరిగి చెప్పగలిగి, బడి పుస్తకం దగ్గర మాత్రమే ఆగిపోయే బిడ్డకు కావలసింది భాషా సహాయం. ఏ భాషలోనైనా అక్షరాలు కూడబలుక్కోలేక ఏళ్ల తరబడి బాధపడే బిడ్డకు డిస్‌లెక్సియా ఉండవచ్చు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దానిని గుర్తించింది. అటువంటి బిడ్డను నిపుణులకు చూపించి, బడిలో తగిన వెసులుబాటు కోరే హక్కు తల్లిదండ్రులకు ఉన్నది. రెండు సందర్భాలలోనూ దండన మందు కాదు.

ఇంట్లో రోజూ కొంతసేపు బిడ్డ చెప్పిన మాటనే తెలుగులో రాసి చూపించడం, దానిని బిడ్డచేత చదివించడం ఖర్చు లేని పని. ఇంటి భాషలో అక్షరం రుచి తెలిసిన బిడ్డ తమిళాన్నీ, ఆంగ్లాన్నీ మరింత ధైర్యంగా అందుకొంటాడు. వినికిడి కోల్పోయినా సవర బిడ్డల మాటను విడవని గిడుగు రామమూర్తి పంతులు తెలుగు కుటుంబాలకు మిగిల్చిపోయిన ఆస్తి ఈ నమ్మకమే.